కార్వెట్ వెనక అద్దం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు మెట్లదారి అంతా రెసిన్ వాసన గుప్పుమంది. పైన నీళ్ళ ట్యాంకు పగిలితే ఎవరో ఫైబర్ పనివాణ్ణి పిలిపించారు. ఆ వాసన ఎరగనివాళ్ళకు చెప్పాలంటే, ఘాటుగా, కాస్త తియ్యగా, గోళ్ళరంగు సీసా ఎండలో ఒలికినట్టు ఉంటుంది. ముక్కులో దూరిందంటే సాయంత్రం దాకా వదలదు. మూడో అంతస్తు ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సెక్రటరీని ఫోన్లో దులిపేస్తోంది. నేను మాత్రం లిఫ్టు మానేసి, చేతిలో కూరగాయల సంచీతోనే నాలుగంతస్తులూ ఎక్కి డాబామీదకి పోయాను. పనివాడు మగ్గులో రెసిన్ కలుపుతూ, "ఏం కావాల మేడం?" అన్నాడు. "ఏం లేదు, వాసన చూసి పోదామని వచ్చాను" అన్నాను. ఈవిడకి ఒక మర వదులు అన్నట్టు చూశాడు పాపం. అతని తప్పేం లేదు. మునిరత్నం మేస్త్రి ఎవరో అతనికి తెలియదు కదా.

1997లో నేను బెంగళూరు శివారు హూడికి వచ్చేటప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది చీరాల. అమ్మ నర్సు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చాను. టెస్టింగ్ అంటే పొద్దస్తమానం ఇంకొకరు చేసిన పనిలో తప్పులు పట్టడం. "నీకంటే తగినవాళ్ళు ఎవరు దొరుకుతారే రూతూ" అని అమ్మ మురిసిపోయిందో, దెప్పిందో, ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పటి హూడి అంటే రైలు గేటు, రాగి చేలు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న అద్దాల ఆఫీసులు. గేటుకి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు, పక్కనే చిన్న డాబా ఇల్లు, దానిమీద ఒంటి గది. ఆ గదిలో నేను దిగాను. కింద మేస్త్రి, ఆయన భార్య సరోజమ్మ ఉండేవారు. మూడు తరాలనుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. షెడ్డులో ఆయన ఫైబర్ పని చేసేవాడు. నీళ్ళ తొట్లు, ఆటోల టాపులు, బడిపిల్లల జారుడు బల్లలు, ఒకసారి జాతరకని నాలుగు గుర్రాలు కూడా. గాజుదారాల చాపను అచ్చులో పరిచి, దానిమీద రెసిన్ పోసి, బ్రష్షుతో పొడిచి పొడిచి, అది గట్టిపడేలోగా బుడగలన్నీ తరిమేయాలి. అదీ పని.

దిగిన రెండో రోజే నేను కిందికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. "ఈ వాసనకి తల పగిలిపోతోందండీ. గది ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పొద్దా?" అన్నాను. మేస్త్రి చేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు, గాజు నలుసులు గుచ్చుకుని దురద పెట్టకుండా. తల కూడా ఎత్తలేదు. "రెండు దినాలమ్మా. ముక్కు ఒప్పుకుంటాది" అన్నాడు. మూడో నాటికి నిజంగానే ఒప్పుకుంది. నాకది మరింత ఉక్రోషం.

ఆ షెడ్డులో ఒక గోడ ఉండేది. గోడ నిండా మేకులు, మేకులకి తీగతో వేలాడే ముక్కలు. ఆటో టాపు మూల, తొట్టి అంచు, గుర్రం చెవి, ఇలాంటివి. ప్రతి ముక్కమీదా పెయింటుతో ఒక పేరు, ఒక ఊరు. నా స్కూటర్ ముందు మడ్‌గార్డు గేటు దగ్గర గుద్దుకుని చీలినప్పుడు, ఊడొచ్చిన ముక్కని నేను చెత్తలో వేయబోతే ఆయన చేయి పట్టుకున్నంత పని చేశాడు.

"యాల పారేస్తావమ్మా? ఇట్టియ్యి."

"విరిగిన ముక్క ఎందుకండీ?"

"విరిగిందయినా, కోసిందయినా మనది కాదు. బండిది. యాపొద్దో ఒకరోజు కావల్ల అని అడుగుతాది."

ఆయన నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటట అది. తర్వాత ఆ ముక్కని నాచేతే అతికించాడు. నూనె రాసుకోవడం, అంచులు ఏటవాలుగా రుద్దడం, రెసిన్ కలపడం, అన్నీ నేనే. ఆఫీసులో తప్పులు పట్టడమే తప్ప ఏదీ బాగుచేసి ఎరగను. ఆ వేళ మడ్‌గార్డుని చూసుకున్నంత మురిపెంగా నా మొదటి జీతాన్ని కూడా చూసుకోలేదు. అప్పటినుంచి ఆదివారాలు చర్చి అయ్యాక నేరుగా షెడ్డులోకే వెళ్ళేదాన్ని.

మరుసటేడు ఒక ఆదివారం మేస్త్రి అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల కొట్లనుంచి ఒక అమెరికా కార్ల పత్రిక పట్టుకొచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అట్టమీద బొమ్మ చూసి కొన్నాడు. వెండి కలిసిన లేత నీలం రంగు కారు. పొడుగాటి ముక్కు, వెనక్కి వాలిన నున్నటి వీపు. ఆయన వేలు ఆ బొమ్మమీద చాలాసేపు ఆడింది.

"ఈ బండి నా చేతికి వచ్చిందమ్మా, నా ఇరవై ఆరో ఏట. కార్వెట్. పని మీద వచ్చిన అమెరికా ఆయప్ప ఓడలో తెచ్చుకుని, పోతా పోతా కాఫీ తోటాయనకి అమ్మినాడు. అంతా ఫైబరే. తలుపులు, ముక్కు, టాపు, ఒక్క రేకు ముక్క లేదు. అప్పట్లో నన్నందరూ తొట్టిల వాడా అనేవాళ్ళు. ఆ పొద్దు ఆ బండి ఒళ్ళు తట్టి చూసి, మా వాళ్ళతో చెప్పినా, దేశం కాని దేశంలో దొరలు తిరిగే బండీ మన తొట్టీ ఒకటే రా అని."

ఆ బండి దీపాలు పగలు ముక్కులో దాక్కుంటాయట, మీట నొక్కితే తిరిగి బయటికొస్తాయట. అది చూడ్డానికి వీధి వీధంతా వచ్చి నిలబడేదట. చెబుతుంటే ఆయన మొహంలో ఇరవై ఆరేళ్ళ మునిరత్నం కనిపించాడు నాకు. ఇంతకీ ఏం పని చేశారని అడిగాను. వెనక అద్దం రెండు చెక్కలుగా ఉండేదట. మధ్యలో టాపు నుంచి దిగే నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ. ఘాట్ రోడ్డులో వెనక వచ్చే లారీ సగమే కనిపిస్తోంది, ఆ పట్టీ కోసి ఒకటే అద్దం పెట్టు అన్నాడట కాఫీ తోటాయన. మేస్త్రి రంపంతో కోసి, పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ పలకని వేడిచేసి వంచి, అతుకు తెలియకుండా అమర్చాడు. "అంత నున్నటి పని మళ్ళీ చెయ్యలేదమ్మా. స్వల్ప చదివి చెప్పు, మన బండి గురించి ఏం రాసినారో" అని నా ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

చదివాను. 1953లో మొదటి బండ్లు మూడు వందలే చేశారని, అన్నీ తెల్లవేనని, రేకు వంచే అచ్చులు ఖర్చు కనక ఫైబర్‌తో చేత్తో చేశారని చెప్పాను. "చేత్తోనా" అని మేస్త్రి సరోజమ్మ వైపు గర్వంగా చూశాడు. మొదట ఇంజనులో సత్తువ లేక జనం పెదవి విరిచారని, ఆ బండ్లు చేయడమే ఆగిపోయేదని, పెద్ద ఇంజను పెట్టాక నిలదొక్కుకుందని చెప్పాను. 1963లో కొత్త రూపు వచ్చింది, దానికి మా చీరాల వైపు టేకు చేప అంటామే, తోకలో ముల్లుండే బల్లపరుపు చేప, దాని పేరు పెట్టారన్నాను. ఆ చేప వెన్నులాగే టాపు మీదినుంచి, వెనక అద్దాన్ని చీల్చుకుంటూ చివరిదాకా ఒక్క గీత పోవాలని బండి రూపు గీసినాయన పట్టు పట్టాడట. వెనక ఏమీ కనిపించదు మొర్రో అని ఇంజినీరు మొత్తుకున్నాడట. ఒక్క ఏడాది గీసినాయన గెలిచాడు. మరుసటేడు పట్టీ తీసేశారు.

అక్కడితో ఆపితే నా సొమ్మేం పోయేది? నేను తప్పులు పట్టే మనిషినాయె. తప్పు దొరికిన హుషారులో గబగబా కిందిది కూడా చదివేశాను. "అప్పట్లో చాలామంది ఆ పట్టీని తెలివితక్కువగా కోయించేశారు. కోయకుండా మిగిలిన ఆ ఒక్క ఏటి బండ్లకోసం ఇవాళ లోకమంతా వెతుకుతోంది, అని రాశారండీ" అన్నాను.

మేస్త్రి పీట ముందుకి జరుపుకున్నాడు. "ఆ కడాన చదివిన మాట ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. చదివాను, ఈసారి మెల్లగా. ఆయన లేచి వెళ్ళి తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. చేతులకి ఏమీ అంటలేదు.

"తోటాయన చెప్పినందుకే కదండీ మీరు కోశారు" అన్నాను.

"చెప్పినాడు, కోసినా. నిజమే. ఒకే ఒక్క యాడాది చేసినారు. అందులో ఒకటి యాడాడో తిరిగి నా తావుకి వచ్చింది. నేను బయట నిలబడి చూసినా, రంపం తీసుకున్నా. లోపల ఒకసారి కూచోని చూసుంటే..."

"చూస్తే?"

"తెలీదమ్మా. అదే కదా చెప్పేది. కూచోలేదు."

ఆ కోసిన పట్టీ కోసం గోడంతా వెతికాం. లేదు. మేస్త్రి మొహం పాలిపోయింది. అంతలో సరోజమ్మ వంటింట్లోంచి, "ఆ నీలం కట్టెనా? కిటికీకి ఆన్చిపెట్టినా. పన్నెండేండ్లనుంచి గాలికి తలుపు పడకుండా అదే కదా నిలిపింది" అంది. మసిబట్టి ఉన్నా ముక్క చెక్కుచెదరలేదు. వెనకవైపు కాఫీ తోటాయన పేరు, ఊరు. మేస్త్రి దాన్ని సబ్బుతో కడిగి తుడిచి, "దీన్ని దాని తావులో పెట్టల్ల" అన్నాడు. ఆ తర్వాత ఆయనకి బతుకులో వేరే కోరిక ఏదైనా ఉన్నట్టు నేను చూడలేదు.

కాఫీ తోటాయన ఎప్పుడో పోయాడు. బండి చేతులు మారి మారి దొడ్డబళ్ళాపురంలో పట్టు మగ్గాల యజమాని నంజుండప్ప దగ్గర ఉందని ఒక కార్ల పెయింటర్ ద్వారా ఏడాదికి తెలిసింది. నేను స్కూటర్ నడుపుతుంటే మేస్త్రి వెనక కూర్చుని, పట్టీని ఉతికిన పంచెలో చుట్టి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. యలహంక దాటేదాకా గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగమ్మా" అంటూనే ఉన్నాడు.

మగ్గాల చప్పుడు మధ్య, షెడ్డు చివర, దుప్పటి కింద ఉంది బండి. నంజుండప్ప దుప్పటి లాగాడు. కార్లంటే ఆఫీసుకి చేర్చే డబ్బాలనుకునేదాన్ని. ఇది అలా లేదు. మునివేళ్ళతో తాకాలనిపించింది, తాకడానికి భయమేసింది. నంజుండప్పదీ మన తెలుగే, మేస్త్రి తెలుగు లాంటిదే. కాఫీ ఇప్పించాడు, అంతా విన్నాడు.

"నేను కొన్నప్పుడే ఇట్ల ఉండాది. వెనక బాగా కనిపిస్తాది. ఇప్పుడు అడ్డం కట్టె ఏంటికప్పా?" అన్నాడు.

"డబ్బు వద్దప్పా. సుమ్నే పెట్టిచ్చి పోతా."

"బేడ అప్పా. బాగుండేదాన్ని కెలకొద్దు."

మేస్త్రి బతిమాలలేదు. ఒక్కసారి లోపల కూర్చోనిస్తావా అని మాత్రం అడిగాడు. స్టీరింగు ఎడమవైపు. సీటులో కూర్చుని, అద్దం సరిచేసుకుని వెనక్కి చూశాడు. నన్ను బయట నిలబెట్టి, పట్టీని వెనక అద్దానికి మధ్యలో ఆనించి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. టాపుమీది గీత ఎక్కడ తెగిందో అక్కడినుంచి తిరిగి మొదలై కిందిదాకా పోయింది. ఆయన అలా ఎంతసేపు చూశాడో. నా చేతులు లాగుతున్నాయి, దించనా అని అడగలేకపోయాను. దిగి వచ్చి, "కోసే ముందర కూచోని ఉండల్ల" అన్నాడు, నాతో కాదు. తిరుగు దారిలో ఒక్క గుంతకి కూడా మెల్లగా అనలేదు. నాకు హెల్మెట్ లోపల ఏడుపు వచ్చింది.

ఆరేళ్ళు గడిచాయి. హూడిలో రాగి చేలు పోయాయి. షెడ్డు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. నా ఉద్యోగం పెరిగింది, నేను మాత్రం ఆ గది వదల్లేదు. జీతానికి తగ్గ ఇల్లు చూసుకోవేమే అని అమ్మ పోరేది. నేను దాటవేసేదాన్ని. మేస్త్రి కుడిచేయి వణకడం మొదలుపెట్టింది, కంటి చూపు తగ్గింది. దొడ్డబళ్ళాపురం వైపు ఎవరు వెళుతున్నా "నంజుండప్ప బండి ఉండాదేమో చూసి రా అప్పా" అనేవాడు. పట్టీ గోడమీద, అన్నిటికంటే పైమేకుకి ఉండేది. కిటికీకి సరోజమ్మ ఇటుక పెట్టుకుంది.

2005లో ఒక శనివారం పొద్దున్నే నంజుండప్ప బండిని తనే నడుపుకుంటూ షెడ్డు ముందుకి వచ్చాడు. మగ్గాలు మూసేస్తున్నాడట. ముంబైలో ఒకాయన బండి కొంటానంటున్నాడు, అయితే వెనక పట్టీ ఉండాలట. "పెట్టియ్యి మేస్త్రీ. నువ్వడిగిందే కదా. ఒకటే మాట, ఎప్పుడూ కొయ్యనట్టు ఉండల్ల" అన్నాడు.

ఆరేళ్ళు కలవరించిన పని గుమ్మంలోకి నడిచొచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేస్త్రి మాత్రం పట్టీని కిందికి దించి, వెనకవైపు పేరున్న చోట బొటనవేలు పెట్టి నిలబడ్డాడు.

"బయట కనపడనియ్యనప్పా. లోపల టాపు కింద మాత్రం అతుకు మూయను. చెయ్యి పెడితే తెలియల్ల."

"తెలిస్తే ఆయప్ప కొనడు."

"అడిగితే చెప్పు, ఫలానా మునిరత్నం కోసినాడు, ఆయప్పే అతికిచ్చినాడు అని. కొయ్యలేదని నా చేత్తో చెప్పలేనప్పా. కోసినా కదా."

నంజుండప్ప మొహం గంటు పెట్టుకున్నాడు. వేరే షెడ్లు లేవా అన్నాడు. ఉండాయి అన్నాడు మేస్త్రి, పట్టీని పంచెలో చుట్టి ఆయన చేతికే ఇచ్చాడు. "ముక్క నీ బండిది. తీసకపో." బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇన్నేళ్ళు ఎదురుచూసి, చేతికొచ్చింది పోగొట్టుకుంటారా? లోపలి అతుకు ఎవడు చూడొచ్చాడండీ?" అని కేకలేశాను. ఆయన, "నేను చూసినా కదమ్మా" అన్నాడు. నేను విసవిసా మెట్లెక్కి పోయాను. ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదని సరోజమ్మ చెప్పింది. ఖాళీ మేకు వైపు చూడకుండా పని చేసుకోవడానికి పీట తిప్పి వేసుకున్నాడు.

తొమ్మిదో రోజున బండి మళ్ళీ వచ్చింది. నంజుండప్ప దిగి వచ్చి, "మగ్గాలు విప్పుతా ఉంటిమి. కడాసారి నేసిన చీర తిరగేసి చూసినా. పోగు తెగిన తావులంతా వెనక ముళ్ళు ఉండాయి. ముడి లేని చీర నా జన్మలో నెయ్యలేదు. నువ్వు చెప్పినట్టే చెయ్యి మేస్త్రీ. కొంటే కొంటాడు, లేకపోతే నాకాడే ఉంటాది" అన్నాడు.

మేస్త్రి తన కుడిచేతిని చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. తర్వాత నావైపు చూశాడు. "నూనె రాసుకో రూతమ్మా" అన్నాడు.

రెండు ఆదివారాలు పట్టింది. పాత యాక్రిలిక్ పలక ఊడదీయడం, అంచులు రుద్దడం, పట్టీని నిలపడం, కింద గాజు చాప పరిచి రెసిన్ పట్టించడం, అన్నీ నా చేతులతోనే. ఆయన పక్కన పీటమీద కూర్చుని మాటతో చేశాడు. మొదలుపెట్టే ముందు మాత్రం నన్ను పావుగంట బండిలో కూర్చోబెట్టాడు. ఏం చూడమంటారు అని అడిగితే, చూడు అన్నాడంతే. పని గట్టిపడ్డాక ఆయన కళ్ళు మూసుకుని, లోపలి అతుకు పొడుగునా వేలితో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. బుడగ. మినపగింజంత. నా ప్రాణం ఉసూరుమంది. కోసి మళ్ళీ చేస్తానన్నాను.

"ఉండనీలేమ్మా," అన్నాడు. "నా తప్పు పక్కన నీదొకటి ఉండనీ."

పట్టీకి రెండు పక్కలా కొత్త అద్దాలు అమరి, రంగు ఆరిన రోజు నంజుండప్ప ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని రైలు గేటుదాకా తిప్పి తెచ్చాడు. నేను, సరోజమ్మ వాకిట్లో నిలబడ్డాం. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మేస్త్రి ముందుకి చూడనేలేదు. మెడ తిప్పి వెనక్కే చూస్తూ ఉన్నాడు, నవ్వుతూ. ఎట్లా ఉందండీ అని అడిగితే, "సగమే కనిపిస్తాదమ్మా, ఆ ఇంజినీరు చెప్పింది నిజమే" అన్నాడు.

బండి ముంబైకి పోయింది. అతుకు సంగతి చెప్పే అమ్మాడట నంజుండప్ప. మేస్త్రి ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నాడు. ఆయన పోయాక గోడమీది ముక్కల్ని నేను, సరోజమ్మ పేర్లు చూసి వీలైనన్ని ఇళ్ళకి చేర్చాం. కొందరు విచిత్రంగా చూశారు, ఒక ముసలాయన గుర్రం చెవిని కళ్ళకద్దుకున్నాడు. ఇప్పుడు ఆఫీసులో ఏదైనా తీసేయమని, ఎవరినైనా తప్పించమని నా బల్లమీదకి కాగితం వస్తే వెంటనే సంతకం పెట్టను. వెళ్ళి వాళ్ళ పక్కన ఒక పూట కూర్చుంటాను. రూత్ మేడం సాగదీస్తుందని చాటున అంటారు. అననీ.

ఆ పాత యాక్రిలిక్ పలక నా దగ్గరే ఉంది. అద్దె ఇళ్ళు మూడు మారి, హూడిలోనే కొన్న ఈ సొంత ఇంటిదాకా వచ్చింది. వెనక అంచున నా చేతిరాతతో నంజుండప్ప పేరు, ఊరు. ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేయాలి కదా. మొన్న డాబామీదినుంచి దిగి వచ్చాక దాన్ని గోడమీదినుంచి తీసి తుడిచి, కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. పసుపు తిరిగింది, అయినా దేనికీ అడ్డం లేదు. రోడ్డు, రైలు పట్టాలు, షెడ్డు ఉండిన చోట లేచిన కట్టడం, అంతా కనిపించింది. మధ్యలో, పట్టీ ఉండవలసిన నాలుగు వేళ్ళ చోటు మాత్రం ఖాళీగా అనిపించింది.